పర్లాకిమిడిలో ఏడుగురికి పాత బండి: ఆంధ్రా నంబరుది కొనొచ్చా?

పర్లా మాస్టారు | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. మాది పర్లాకిమిడి, ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే. ఇంట్లో ఏడుగురం: అమ్మ, నాన్న, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు (14, 10, 6). ఇప్పుడున్న చిన్న కారులో నలుగురైతే హాయిగా, ఐదుగురైతే ఇరుక్కుని వెళ్తాం. అంతకు మించితే ఎవరో ఒకరు బస్సెక్కాల్సిందే. నాన్నకి మోకాలు ఆపరేషన్ అయింది. నెలకోసారి శ్రీకాకుళం తీసుకెళ్లి చూపించాలి. అరసవల్లి, ముఖలింగం, పెళ్లిళ్లు, అన్నిటికీ అద్దె బండే. బండి దొరికితే డ్రైవరు ఉండడు, డ్రైవరు ఉంటే బండి ఉండదు.

బడ్జెట్ కాగితాల ఖర్చుతో కలిపి 5 లక్షల 50 వేలు. లోన్ వద్దని అమ్మ గట్టిగా చెప్పేసింది. మూడు బండ్లు కళ్లలో పడ్డాయి.

ఒకటి, 2016 ఎర్టిగా డీజిల్. శ్రీకాకుళంలో ఉంది, ఏపీ 30 నంబరు, 98 వేల కిలోమీటర్లు. 5.40 అడుగుతున్నాడు.
రెండు, 2018 ఈకో ఏడు సీట్లది. మా ఊళ్లోనే, ఓడీ 20 నంబరు, 52 వేలు తిరిగింది. ఏసీ లేదు. 3.10.
మూడు, 2011 ఇన్నోవా. విశాఖలో, ఏపీ 31 నంబరు. 4.90. బ్రోకరు మాట ప్రకారం "ఒకే చేయి, డాక్టరు గారి బండి".

నా మనసు ఇన్నోవా మీద ఉంది. మా ఆవిడ మనసు ఎర్టిగా మీద. నాన్న "నన్నడక్కండి" అంటున్నారు, అంటే ఆయనకీ ఏదో ఉంది.

బరంపురం పెదబాబు | శుక్రవారం, రాత్రి 9:40

మాస్టారూ, బండి సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పండి, వెనక వరుసలో ఎవరు కూర్చుంటారు? ఏడు సీట్ల బండి కొనేవాళ్లంతా ముందు సీటు చూసి కొంటారు. ఆ తర్వాత మూడో వరుసలో అత్తగారిని కూర్చోబెట్టి మూడేళ్లు మాట పడతారు. (అనుభవం.)

పర్లా మాస్టారు | శుక్రవారం, రాత్రి 9:48

వెనక పిల్లలేనండి. పెద్దవాడికి కాళ్లు పొడుగవుతున్నాయి, అదొక్కటే ఆలోచన.

గేర్ మార్చు గురూ | శుక్రవారం, రాత్రి 10:05

ఈకో తీసేసుకోండి, కళ్లు మూసుకుని. 1.2 పెట్రోల్, వెనక చక్రాల డ్రైవు, బుర్ర తినే ఎలక్ట్రానిక్స్ ఏమీ ఉండవు. మన కొండల్లో ఏ ఊరి మెకానిక్ అయినా విప్పి బిగించేస్తాడు. మిగిలిన 2 లక్షలు బ్యాంకులో వేసుకోండి.

పర్లా మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:11

ఏసీ లేదు కదండీ. ఈకోలో ఇంజిను ముందు సీట్ల కిందే ఉంటుంది. మే నెలలో శ్రీకాకుళం వెళ్లి రావాలంటే నాన్న ఎక్కరు. ఎక్కితే నన్ను దింపేస్తారు.

గేర్ మార్చు గురూ | శుక్రవారం, రాత్రి 10:14

కిటికీలు ఎందుకున్నాయి మాస్టారూ :)

కొత్త బండి కోటి | శుక్రవారం, రాత్రి 10:30

పాతదానికి 5.40 పెట్టడమేంటండీ? 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్త ట్రైబర్ షోరూం ధర 6 లక్షల లోపే మొదలవుతోంది. ఏడు సీట్లు, వారంటీ. పాత బండి అంటే పక్కింటివాడి రోగం కొనుక్కోవడమే.

బరంపురం పెదబాబు | శుక్రవారం, రాత్రి 10:52

కోటి గారూ, 6 లక్షలు షోరూం ధర. దాని మీద రోడ్డు పన్ను, ఇన్సూరెన్సు పడతాయి. లోన్ వద్దని వాళ్లమ్మగారు అన్నారు, అక్కడికి ఆ మాట అయిపోయింది. ఇంకోటి, ట్రైబర్‌లో ఏడు సీట్లూ నిలబెడితే డిక్కీ 84 లీటర్లు. పులిహోర గిన్నె ఒక్కటి పడుతుంది, దాని మూత ఒళ్లో పెట్టుకోవాలి. పాత ఎర్టిగా డిక్కీ 135 లీటర్లు, అది కూడా గొప్పేం కాదు. ముఖలింగం వెళ్తే మడత కుర్చీ ఎక్కడ పెడతారో ముందే ఆలోచించుకోండి.

అయితే కోటి గారి మాటలో ఒక నిజం ఉంది. కొత్తవాటి ధర తగ్గింది కాబట్టి పాతవాటి ధరా దిగాలి. బేరంలో ఆ మాట అనండి.

జయపురం టీచరమ్మ | శనివారం, ఉదయం 6:20

మాస్టారూ, నేనూ టీచర్నే, అందుకని చనువుగా చెబుతున్నాను. ఆంధ్రా నంబరు చౌక అని వెళ్లి, 40 వేలు మిగిలిందనుకుని, నాలుగు నెలలు తిరిగినదాన్ని.

మేం విజయనగరంలో కొన్నాం. బండి బంగారం, దానిలో ఏ లోపమూ లేదు. తిప్పలన్నీ కాగితాల దగ్గరే. ముందు అమ్మినవాళ్ల ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం) రావాలి. అది రావాలంటే చలానాలన్నీ కట్టేసి ఉండాలి, లోన్ ఉంటే అది తీరిందన్న బ్యాంకు కాగితంతో పాటు, ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీసేసే ఫారం 35 ఉండాలి. అదంతా అయ్యాక మన వైపు ఆర్టీఓలో బండిని నిలబెట్టి ఛాసిస్ నంబరు చూపించాలి, ఒడిశా పన్ను కట్టాలి. అవును, ఆంధ్రాలో లైఫ్ టాక్స్ కట్టేసిన బండికే మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గించి లెక్క వేస్తారు గానీ, తప్పదు. అక్కడ మిగిలిన పన్ను వెనక్కి అడగొచ్చు. ఆ అర్జీ పట్టుకుని మా వారు రెండుసార్లు విజయనగరం వెళ్లొచ్చారు. మూడోసారి వెళ్లమంటే నా మొహం చూసి ఊరుకున్నారు.

ఒక గుమాస్తా గారు "మేడం, ఇందులో ఒక సంతకం ఇంగ్లీషులో ఉంది, ఇంకోటి తెలుగులో ఉంది" అని కాగితాలు తిప్పి పంపారు. అమ్మినాయన పెద్దమనిషి, మళ్లీ వచ్చి సంతకం చేశారు. చేయననుంటే?

కాబట్టి 5.40 అన్నది 5.40 కాదు. అడ్వాన్సు ఇవ్వకముందే మీ ఆర్టీఓలో ఆ మోడలుకి, ఆ ఏడాదికి పన్ను ఎంత పడుతుందో అడిగి రాయించుకోండి. ఆ అంకె బేరంలోంచి తీసేయండి.

పర్లా మాస్టారు | శనివారం, ఉదయం 7:05

టీచరమ్మ గారూ, మంచి మాట చెప్పారు, ధన్యవాదాలు. ఇంకో దారి ఉందేమో చూడండి. మా బావమరిది పాతపట్నంలో ఉంటాడు. మా ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరం, మధ్యలో సరిహద్దు ఉందంతే. బండి అతని పేరు మీద పెట్టి, ఏపీ నంబరుతోనే మేం తిప్పుకుంటే? ఇక్కడ సగం ఊరు అలాగే తిప్పుతోంది.

కోర్టు మెట్లు | శనివారం, ఉదయం 8:31

సగం ఊరు తిప్పుతోంది నిజమే. ఆ సగం ఊరి కేసులు చూసేది మాలాంటి వాళ్లమే కాబట్టి చెబుతున్నా.

మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. చుట్టాలింటికి వెళ్లి రావడానికి ఏ అడ్డూ లేదు. రోజూ మీ గుమ్మం ముందు ఉండే బండి చుట్టపు బండి కాదు.

అసలు చిక్కు అది కూడా కాదు. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని వాళ్లే. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు ఇదే తేల్చింది. ఆ బండి చేతులు మారింది, డబ్బులు ముట్టాయి, ఆర్సీలో మాత్రం పాత పేరే ఉండిపోయింది. ప్రమాదం జరిగాక పరిహారం ఆర్సీలో పేరున్న మనిషి మెడకే చుట్టుకుంది. రేపు మీ చేతిలో ఏదైనా జరిగితే కోర్టు మెట్లెక్కేది మీ బావమరిది. పండక్కి మీ ఆవిడ పుట్టింటికి వెళ్లాలి కదా?

బండి ఎవరిది కొన్నా సరే, తీసుకున్న తేదీ, గంట, నిమిషం రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. అంతకు ముందు పడిన చలానా వాళ్లది, తర్వాత పడింది మీది. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్చమని అడగాలి. వాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది మనిషికి చెందుతుంది గానీ బండికి కాదు. మీ చిన్న కారు అమ్మేస్తుంటే మాత్రం దాని మీద మీకున్న బోనస్‌కి కంపెనీ నుంచి లెటరు తీసుకోండి, కొత్తగా కొన్న బండికి వాడుకోవచ్చు. చాలామంది ఈ సంగతి తెలియక వదిలేస్తారు.

పర్లా మాస్టారు | శనివారం, ఉదయం 8:44

బావమరిది ఆలోచన ఇంతటితో రద్దు. మా ఆవిడకి చూపించాను. "నేను ముందే చెప్పాను" అంది. ఎప్పుడు చెప్పిందో మాత్రం చెప్పలేదు.

బల్లార్షా తెలుగోడు | శనివారం, మధ్యాహ్నం 1:15

మాది మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా. ఇక్కడా అదే పాట, రాగమే వేరు. మంచిర్యాలలో కొని ఎంహెచ్ 34కి మార్చుకున్నా. ఒకటే సలహా: ఎన్‌వోసీ చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఒక 50 వేలు ఆపి, ఆ మాట కాగితం మీద పెట్టించండి. డబ్బంతా ముట్టాక అమ్మినవాడి ఫోను ఎప్పుడూ "కవరేజి ఏరియాలో లేదు".

కొత్త బండి కోటి | శనివారం, మధ్యాహ్నం 2:02

అన్నట్టు పదేళ్లు దాటిన డీజిల్ బండ్లని నిషేధించారు కదా? 2016 డీజిల్ కొంటే రేపు తుక్కుకే.

కోర్టు మెట్లు | శనివారం, మధ్యాహ్నం 2:20

ఆ పదేళ్ల గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. పర్లాకిమిడికి ఢిల్లీ రూలు రాలేదు. ఇక్కడ 15 ఏళ్లకి రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది, బండి చూపించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి దాని ఫీజు పెరిగింది, కారుకి 5 వేలు. మాస్టారి జాబితాలో దీనికి దగ్గరపడింది 2011 ఇన్నోవా. ఆ ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి.

షెడ్డు బాబాయ్ | శనివారం, రాత్రి 8:50

పాతపట్నం వైపు షెడ్డు నాది. ఫోనులో తెలుగు కొట్టడం ఆలస్యం, అందుకే ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను. మాస్టారూ, రేపు బళ్లు చూడ్డానికి వెళ్తున్నారు కదా, ఇది చదివి వెళ్లండి.

వస్తున్నట్టు గంట ముందు ఫోన్ చేయొద్దు. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజిను మొదటి నిమిషంలో చెప్పే నిజం, వేడెక్కాక చెప్పదు. పొగ నీలంగా వస్తే ఆయిల్ తాగుతోంది. తెల్లగా వచ్చి ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ పోసే మూత విప్పి చూడండి, లోపల మజ్జిగ మీగడలా అంటుకుని ఉంటే ఇంక రేటు అడక్కుండా టీ తాగి వచ్చేయండి. ఇంజిను బే తళతళలాడుతూ ఉన్నా నాకు అనుమానమే. పదేళ్ల ఇంజినుకి కాస్త దుమ్ము, కాస్త జిడ్డు ఉండాలి. నీళ్లతో కడిగారంటే లీకు ఎక్కడుందో మనకి కనపడకూడదని.

అద్దాల మూలన చిన్న అక్షరాల్లో తయారైన ఏడాది గుర్తు ఉంటుంది. అన్నీ ఒక ఏడాదివై ఉండి ఒక్కటి వేరైతే అది ఎందుకు పగిలిందో అడగండి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు బాగున్నా ఆరేళ్లు దాటిన టైరుని మన ఘాట్ రోడ్డుకి నేను పంపను. తలుపుల బోల్టులు, బానెట్ బోల్టులు చూడండి. వాటి మీద రంగు రేగి ఉంటే పానా పడింది, అంటే విప్పారు.

ఇప్పుడు నీళ్ల సంగతి. 2014 హుద్‌హుద్ తుఫానులో విశాఖ, 2018 తిత్లీ తుఫానులో మన వైపు చూశాం కదా. నీళ్లలో మునిగిన బళ్లు కడిగి, సెంటు కొట్టి, దూరం ఊళ్లలో అమ్మేస్తారు. అలాంటిదొకటి నా దగ్గరికి వచ్చింది, కంపెనీ పేరు వద్దులెండి, వాళ్ల తప్పేం లేదు. పైనంతా అద్దంలా ఉంది. వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. మామూలుగా ఎవరూ లాగరు, అరగజం లాగి వదిలేస్తారు. చివరి మూరలో ఎర్రమట్టి గీత, చీర అంచులా తిన్నగా ఉంది. నీళ్లు అక్కడిదాకా వచ్చి ఆగాయన్నమాట. కొనడానికి వచ్చిన అబ్బాయి ఆ బెల్టు చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. అప్పటికే 60 వేలు అడ్వాన్సు ఇచ్చేశాడు.

కాబట్టి ప్రతి బెల్టూ చివరిదాకా లాగండి. సీటు కింద పట్టాల మీద తుప్పు చూడండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి. గోపాల్‌పూర్ లాంటి సముద్రం ఒడ్డున తిరిగిన బండైతే కింద పడుకుని చూడాల్సిందే.

మూడు బళ్ల గురించి నా మాట. ఎర్టిగా డీజిల్‌లో ఉన్న 1.3 ఇంజిను మంచిదే, టైమింగ్ చైన్ ఉంటుంది. మాకు చేతికి అలవాటైన ఇంజిను. కానీ నెలకోసారి శ్రీకాకుళం వెళ్లే మనిషికి డీజిల్ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇన్నోవా 2.5కి టైమింగ్ బెల్టు. అది ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి, నోటి మాట వద్దు. బెల్టు తెగితే ఇంజిను పోతుంది.

చివరగా, మీరొక్కరే నడిపి చూస్తే అది ట్రయల్ కాదు. ఏడుగురినీ ఎక్కించి, ఏసీ వేసి ఎత్తు ఎక్కించండి.

జయపురం టీచరమ్మ | శనివారం, రాత్రి 9:15

బాబాయ్ గారూ, ఇది ప్రింటు తీసి మా స్టాఫ్ రూములో అంటిస్తాను.

పర్లా మాస్టారు | ఆదివారం, రాత్రి 10:20

వెళ్లొచ్చాను. పొద్దున్న 5 గంటలకి బయల్దేరి ముందు విశాఖ, తిరుగు దారిలో శ్రీకాకుళం.

ఇన్నోవా దూరం నుంచి చూస్తే పెళ్లికొడుకులా ఉంది. బానెట్ వెచ్చగా ఉంది. (బాబాయ్ గారు గుర్తొచ్చారు.) మా పెద్దవాడు వెనక్కి వెళ్లి, "నాన్నా, ఇక్కడేదో రాసుంది" అన్నాడు. ఏమీ కనిపించలేదు. "అలా కాదు, ఎండకి అడ్డంగా నిలబడి చూడు" అన్నాడు. వెనకద్దం మీద స్టిక్కరు గీకేసిన చోట అక్షరాల నీడ మిగిలింది. ఏటవాలుగా చూస్తే "ట్రావెల్స్" అని స్పష్టంగా చదవొచ్చు. పైకప్పు మీద కేరియర్ తీసేసిన నాలుగు కన్నాలకి రబ్బరు బిరడాలు. డ్రైవరు సీటు కవరు కొత్తది, క్లచ్ పెడలు రబ్బరు మాత్రం సబ్బుబిళ్లలా అరిగిపోయింది. మీటరులో 1 లక్షా 12 వేలు!

"డాక్టరు గారి బండి అన్నారు కదా" అంటే, "ఆయన ట్రావెల్స్ కూడా నడిపేవారండి" అన్నాడు.

ఎర్టిగా బాగుంది. నిజంగా బాగుంది. బెల్టులన్నీ లాగాను, శుభ్రం. కానీ ఆర్సీలో ఇంకా బ్యాంకు పేరుంది. లోన్ ఏనాడో తీరిపోయింది, కాగితం తెచ్చుకోలేదట. "మీరే తెచ్చుకోండి, రెండు రోజుల పని" అంటున్నాడు. పన్ను అంకె చెప్పి తగ్గించమంటే 5.25 దగ్గర ఆగిపోయాడు. పన్ను, తిరుగుళ్లు కలిపితే మా బడ్జెట్ దాటుతుంది.

బరంపురం పెదబాబు | ఆదివారం, రాత్రి 10:41

రెండు రోజుల పనైతే అతనే చేసుకునేవాడు కదా! మాస్టారూ, ఇక్కడ మా వీధి చివర ఒక రైల్వే రిటైర్డ్ ఆయన 2017 ఎర్టిగా పెట్రోల్ అమ్ముతున్నారు. ఓడీ 07 నంబరు, 61 వేలు తిరిగింది, సర్వీసు బిల్లులన్నీ ఒక అట్టపెట్టెలో దారంతో కట్టి పెట్టుకున్నారు. 5.45 అంటున్నారు. అంకె ఎక్కువే. కానీ ఒడిశా నంబరు కదా, వేరే రాష్ట్రం ఎన్‌వోసీ లేదు, రెండోసారి పన్ను లేదు. పేరు మార్చడానికి ఫారం 29, 30, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, అంతే.

షెడ్డు బాబాయ్ | ఆదివారం, రాత్రి 10:58

బిల్లులు దారంతో కట్టుకునే మనిషి ఆయిల్ కూడా టైముకి మారుస్తాడు. వెళ్లి చూడండి. పెట్రోల్ మీకు చాలు. కుటుంబం మొత్తాన్ని తీసుకెళ్లడం మర్చిపోకండి.

పర్లా మాస్టారు | తర్వాతి ఆదివారం, రాత్రి 9:30

ఆలస్యానికి క్షమించండి, పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

బరంపురం ఆరుగురం మా కారులోనే వెళ్లాం. చిన్నది వాళ్ల నానమ్మ ఒళ్లో, పెద్దవాడు బస్సులో. ఇలా వెళ్లడం ఇదే ఆఖరుసారి అని అందరికీ చెప్పి తీసుకెళ్లాను. పెదబాబు గారు బస్టాండుకి వచ్చి వాణ్ణి ఎక్కించుకున్నారు, వాళ్లింట్లో ఉప్మా తిన్నాం.

బండి చూడగానే నాన్న ఎవరినీ అడక్కుండా రెండో వరుస తలుపు తీసి కూర్చున్నారు. లేచారు. మళ్లీ కూర్చున్నారు. ఇలా నాలుగుసార్లు. ఆ రైల్వే ఆయన ఏమీ అనకుండా చూస్తూ ఉండి, "నాకూ ఎడమ మోకాలే సార్" అన్నారు. ఆ తర్వాత వాళ్లిద్దరూ డాక్టర్ల గురించి మాట్లాడుకుంటూ అరుగు మీద కూర్చుండిపోయారు. బేరం నాకూ మా ఆవిడకీ మిగిలింది. జీఎస్టీ మాట ఎత్తాను. ఆయన నవ్వి, "టైర్లు రెండు 2019వి, వాటికి తగ్గిస్తాను, జీఎస్టీకి తగ్గించను" అన్నారు. 5.20 దగ్గర తెగింది.

ఏడుగురం ఎక్కి తప్తపాణి ఘాట్ దాకా వెళ్లొచ్చాం. ఏసీ వేసి ఎత్తు ఎక్కితే కాస్త మూలిగింది, రెండో గేరుకి దింపితే ఎక్కింది. రెండో వరుస పైన బ్లోయరు ఉంది కాబట్టి వెనక పిల్లలకీ గాలి వచ్చింది. పెద్దవాడి మోకాళ్లు మాత్రం ముందు సీటుకి తగులుతున్నాయి. "ఇంకో రెండేళ్లే, తర్వాత నేనే డ్రైవ్ చేస్తా" అన్నాడు. నాలుగేళ్లు అని సరిచేశాను.

డెలివరీ కాగితం మీద సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు అని రాశాం. కోర్టు మెట్లు గారూ, ఇది మీకోసం. బోనస్ లెటరుకి కూడా రాశాను. ఇచ్ఛాపురం, పలాస మీదుగా వచ్చి టెక్కలి దగ్గర లోపలికి తిరిగాం. ఒడిశా నుంచి ఒడిశాకి రావడానికి ఆంధ్రా అంతా చూపించావని అమ్మ అంది. ఫారాలు మంగళవారం ఇచ్చాను. కొత్త ఆర్సీ ఇంకా రావాలి.

గేర్ మార్చు గురూ | ఆదివారం, రాత్రి 9:52

శుభాకాంక్షలు మాస్టారూ. ఆ ఈకో ఇంకా ఉందా? మా తమ్ముడికి షాపు సరుకు తోలడానికి కావాలి.

పర్లా మాస్టారు | ఆదివారం, రాత్రి 9:55

ఉంది. నంబరు విడిగా పంపిస్తా. బెల్టులు లాగి చూడమనండి.

బల్లార్షా తెలుగోడు | సోమవారం, ఉదయం 11:08

మాస్టారూ, ఇప్పుడే ఒక యాప్‌లో చూశాను. విశాఖ, 2011 ఇన్నోవా, ఏపీ 31, మీటరు 94 వేలు. "ఒకే చేయి, లెక్చరర్ గారి బండి" అని పెట్టారు. వెనకద్దం కొత్తది వేయించారు.